చెవిలో నిలిచిన ప్రయాణం



ఊరు వెళ్ళి వచ్చినవాళ్ళను "ఏం చూశారు?" అని అడగడం మనకు అలవాటు. "ఏం విన్నారు?" అని అడిగేవాళ్ళు అరుదు. చూసినవాటికి ఫోటోలుంటాయి. విన్నవి మాత్రం విన్నచోటే వదిలేసి వచ్చామనుకుంటాం. అయితే ఎన్నో ఏళ్ళ తరువాత ఎక్కడో ఒక గంట మోగుతుంది, లేదా ఒక బండి చక్రం కిర్రుమంటుంది. ఆ క్షణాన పాత ప్రయాణమంతా, పక్కన కూర్చున్న మనిషితో సహా, కళ్ళ ముందుకు వచ్చేస్తుంది. ఇది మీ అందరికీ అనుభవమే.

1988 వేసవిలో మేము బంధువుల పెళ్ళికి నౌపడ నుంచి గుణుపురం చిన్నలైను రైలులో వెళ్ళాం. నా చేతిలో కొత్త టేపు రికార్డరు, అందులో 60 నిమిషాల కాసెట్టు ఒకటి ఉన్నాయి. మా పెద్దమ్మ చెప్పే కబుర్లు, మావయ్య పాటలు రికార్డు చేశాను. ఇంజను కూత వేసినప్పుడల్లా, స్టేషను వచ్చినప్పుడల్లా "చప్పుడు పడుతుంది" అని మీట నొక్కి ఆపేశాను. టేపు పొదుపు చేస్తున్నాననుకున్నాను. అప్పుడు నేను ఏం పోగొట్టుకున్నానో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

ఇవాళ్టి ప్రసంగ విషయం ధ్వని చిత్రం. రికార్డు చేసిన చప్పుళ్ళను ఏరి, వరుసలో పేర్చి, ఒక చోటును గాని ఒక ప్రయాణాన్ని గాని వినేవారి మనసులో మళ్ళీ నిలబెట్టడమే ధ్వని చిత్రం. ఈ విద్య మనిషికి ఎలా అబ్బిందో, అది మన సరిహద్దు జిల్లాలవారికి ఎందుకు కావాలో చూద్దాం.

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టాడు. మొదట్లో ఆ యంత్రాన్ని మనిషి గొంతు నిలపడానికే వాడారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు గొంతు స్పష్టంగా పడడమే ముఖ్యం. రికార్డు నిడివి మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అందులో వీధి చప్పుడుకు చోటెక్కడ? గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వేకు తోడుగా 1913 నుంచి 1929 దాకా మన భాషలను గ్రామఫోను రికార్డుల మీదికి ఎక్కించారు. వాటిలో తెలుగు కూడా ఉంది. ఆనాటి తెలుగువారి ఉచ్చారణ ఈనాటికీ వినగలుగుతున్నామంటే అది గొప్ప మేలు. కాని ఆ మాట్లాడిన మనిషి ఏ ఊరి గాలి పీల్చాడో, అతని ఇంటి ముందు ఏ బండి పోయేదో ఆ రికార్డులో లేదు. పరిసరాల చప్పుడుకు అప్పట్లో ఉన్న పేరు ఒక్కటే, రొద.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడు తండ్రి ఇచ్చిన ఎడిసన్ యంత్రంతో ఆడుకుంటూ ఇంట్లో పెంచుకునే పిట్ట పాటను మైనపు గొట్టం మీదికి ఎక్కించాడు. ఇప్పటికి తెలిసినంతవరకు పక్షి కూతను రికార్డు చేయడంలో అదే మొదటిది. ఆ పిట్ట ఏదనుకున్నారు? షామా. మన దేశపు అడవుల్లో పాడే పిట్ట! దాని పుట్టిల్లు మన అడవులు, దాని పాట నిలిచిపోయింది జర్మనీలో. పెద్దయ్యాక కోఖ్ 1936లో ఇంగ్లండు చేరి, అక్కడి రేడియోలో పక్షుల గొంతులను ఇంటింటికీ పరిచయం చేశాడు.

తరువాతి అడుగు బెర్లినులో పడింది. వాల్టర్ రుట్‌మన్ సినిమా దర్శకుడు. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డును ముక్కలు చేసి అతికించడం కుదరదు. సినిమా ఫిల్ము అంచున పడే శబ్దాన్ని మాత్రం కత్తెరతో కోసి, కావలసిన చోట అతికించవచ్చు. రుట్‌మన్ ఈ కిటుకు పట్టుకున్నాడు. బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే ఉన్న సినిమా తీశాడు. పేరు వీకెండ్, అంటే వారాంతం. 1930లో బెర్లిను రేడియోలో వచ్చిన ఆ కార్యక్రమం నిడివి సుమారు 11 నిమిషాలు. శనివారం పని ముగియడం, జనం పట్నం వదిలి పల్లెలకు పోవడం, చర్చి గంటల ఆదివారం, సోమవారం మళ్ళీ టైపు మిషన్లు, రంపాలు. వ్యాఖ్యాత లేడు. "ఇప్పుడు మనం పల్లెకు చేరాం" అని చెప్పేవాడు లేడు. చప్పుడు మారగానే ఊరు మారిందని విన్నవాళ్ళే గ్రహించారు. వెళ్ళి రావడాన్ని చెవితోనే చెప్పవచ్చునని తేలింది.

ఇక 1948. పారిస్ రేడియోలో పియేర్ షెఫెర్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆ ఏడాది మే నెలలో ఆయన బాటిన్యోల్ స్టేషనుకు వెళ్ళి ఆవిరి ఇంజన్ల ఊపిరి, కూత, పట్టాల మీద పెట్టెల దడదడ రికార్డు చేశాడు. ఆయన దగ్గర ఉన్నవి రికార్డు పళ్ళేలే. అరిగిపోయిన రికార్డు మీద సూది ఒకే గాడిలో తిరిగి, పాటలో ఒకే మాట పదేపదే రావడం మీరు వినే ఉంటారు. మనం విసుక్కుని సూదిని ముందుకు జరుపుతాం. షెఫెర్ ఆ లోపాన్నే పనిముట్టుగా చేసుకున్నాడు. కావాలనే గాడిని మూసి, రైలు చప్పుడును తాళంలా తిప్పాడు. మూడు నిమిషాలైనా పట్టని ఆ రైలు రచన 1948 అక్టోబరు 5న ప్రసారమైంది. వినేవారు రైలును మరచి నాదాన్ని మాత్రమే వినాలని ఆయన కోరిక. కాని రైలు మరపునకు వస్తుందా? ప్రయాణం చేసిన ప్రతివాడికీ తన ప్రయాణమే గుర్తుకు వస్తుంది. చప్పుడును ఎంత కోసినా జ్ఞాపకం దానికి అంటుకునే ఉంటుంది.

అప్పటికే జర్మనీలో అయస్కాంత టేపు పుట్టి ఉంది. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో దాన్ని మొదటిసారి చూపించారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అది అన్ని దేశాలకూ పాకింది. 1951లో స్టెఫాన్ కుడెల్‌స్కీ భుజాన వేసుకుపోయే టేపు రికార్డరు తయారుచేసి నాగ్రా అని పేరు పెట్టాడు. పోలిష్ భాషలో ఆ మాటకు "రికార్డు చేస్తుంది" అని అర్థం. 1963లో కాసెట్టు వచ్చి ఈ పని మామూలు ఇళ్ళ గడప కూడా తొక్కింది.

టేపుతో ఒక సుఖం ఉంది. రేడియో కేంద్రాల్లో వాడిన వేగాల్లో ఒకటి సెకనుకు 19 సెంటీమీటర్లు. అంటే ఒక సెకను చప్పుడు జానెడుకు కాస్త తక్కువ. ఎడిటింగు చేసేవారు ఆ జానెడును వేళ్ళతో పట్టుకుని, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు వేసేవారు. కాలాన్ని చేత్తో కొలిచి కత్తిరించడమన్నమాట.

1958లో ఇంగ్లండు రేడియోలో చార్లెస్ పార్కర్, ఇవాన్ మెకోల్, పెగ్గీ సీగర్ కలిసి జాన్ ఆక్సన్ అనే రైలు డ్రైవరు కథ వినిపించారు. బ్రేకు పనిచేయని గూడ్సు బండిని వదలకుండా 1957లో ప్రాణమిచ్చిన మనిషి ఆయన. ఆయన భార్య, తోటి డ్రైవర్లు చెప్పిన మాటలను టేపు మీద పట్టుకొచ్చారు. ఆ రోజుల పద్ధతి ప్రకారం ఆ మాటలను నటులచేత మళ్ళీ చెప్పించాలి. టేపు విన్నాక ఇవాన్ మెకోల్‌కు ఆ మనసు రాలేదు. ఇంజను బొగ్గుతో బతికినవాడి గొంతులో ఉన్న గరుకు నటుడి గొంతులో ఎక్కడిది? అసలు గొంతులనే ఉంచారు. మన దేశంలో మెల్విల్ డి మెల్లో గిర్ అడవి సింహాల మీద ఆకాశవాణికి చేసిన శబ్ద చిత్రానికి 1964లో ఇటలీ బహుమతి వచ్చింది. స్టూడియోలో కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు పలికించే కాలం దాటి, మైకు అడవికి నడిచింది.

ఇప్పుడు మనకు ముఖ్యమైన మనిషి వస్తున్నాడు. ఫ్రాన్సుకు చెందిన లుక్ ఫెరారి 1968లో అప్పటి యుగోస్లావియాలో, ఇప్పటి క్రొయేషియాలో, వేలా లూకా అనే సముద్రపు ఒడ్డు పల్లెలో బస చేశాడు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, కిటికీలో మైకు పెట్టి ఆరింటిదాకా రికార్డు చేసేవాడు. ఒక్క రోజు కాదు, రోజూ. అలా చేయగా ఆయనకొకటి తెలిసింది. మొదటి జాలరి, మొదటి సైకిలు, మొదటి కోడి, మొదటి గాడిద, ఆరింటికి రేవుకు బయలుదేరే లారీ, ఇవి ప్రతిరోజూ వస్తున్నాయి. అలా మళ్ళీ మళ్ళీ వచ్చేవాటినే ఏరి 21 నిమిషాల్లో ఒక తెల్లవారుజామును కట్టాడు. పేరేమిటో తెలుసా? "దాదాపు ఏమీ లేదు" అని! నిజమే, అందులో కథ లేదు, సంగీతం లేదు. కాని విన్నవాడు ఆ ఊళ్ళో నిద్రలేచినట్టే ఉంటుంది. గంటల కొద్దీ టేపును యథాతథంగా వినిపిస్తే ఆ ఊరు రాదు. ఏరితేనే వచ్చింది. ఏరడంలో ఆయన వింతను వెతకలేదు, నిత్యాన్ని పట్టుకున్నాడు.

ఇదే విషయాన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు కెనడా దేశస్థుడు ముర్రే షేఫర్. వాంకూవరు దగ్గరి సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఊళ్ళ శబ్దాలను పరిశోధించింది. 1973లో వాంకూవరు నగరం చప్పుళ్ళను రికార్డులుగా విడుదల చేసింది. 1975లో యూరపులో అయిదు గ్రామాలను ఎంచుకుని చెవులతో సర్వే చేసింది. అవి స్వీడన్‌లో స్క్రూవ్, జర్మనీలో బిస్సింగెన్, ఇటలీలో చెంబ్రా, ఫ్రాన్సులో లెస్కొనిల్, స్కాట్లండులో డాలర్. లెస్కొనిల్ జాలరి పల్లె. పొద్దు నడిచేకొద్దీ గాలి దిక్కు మారుతుంది, గాలితోపాటు దూరపు చప్పుళ్ళూ మారతాయి. మన సముద్రతీరం జాలరులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

షేఫర్ ఊరి చప్పుళ్ళను మూడు తరగతులుగా చెప్పాడు. మొదటిది శ్రుతి. కచేరీలో తంబూరాలాగా ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సముద్రం హోరు, రైలు చక్రాల టకటక అలాంటివి. రెండవది సంకేతం. మన దృష్టిని లాగే గంట, కూత, కేక. మూడవది ఆ ఊరి గుర్తు, మరే ఊళ్ళోనూ లేని చప్పుడు. ఊరికి రచ్చచెట్టు ఎలాంటిదో ఇది అలాంటిది. దాన్ని కాపాడుకోవాలని ఆయన వాదన. సుమారు 25 ఏళ్ళ తరువాత ఫిన్లాండు పరిశోధకులు మళ్ళీ ఆ అయిదు గ్రామాలకూ వెళ్ళి రికార్డు చేశారు. 1975 నాటి టేపులు ఉన్నాయి కాబట్టే ఏది పోయిందో, ఏది మిగిలిందో పోల్చి చెప్పగలిగారు.

షేఫర్ బృందంలో పనిచేసిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1992లో ఢిల్లీ వచ్చింది. వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళ కేకలను 1997లో ఒక ధ్వని చిత్రంలో కూర్చింది. మనకు రోజూ వినబడి వినబడనట్టుండే కూరగాయలవాడి కేక, పరాయి దేశపు మనిషికి ఊరి గుర్తుగా తోచింది.

శ్రోతలారా, ఇప్పుడు మన రైలు దగ్గరికి వద్దాం.

నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పున్న చిన్నలైను 1900లో మొదలైంది. పర్లాకిమిడి సంస్థానం వేయించిన లైను అది. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. రైలు మాత్రం రెండు వైపులా నడిచింది. దిగి నడిచి మళ్ళీ ఎక్కవచ్చునని మా వైపు వేళాకోళం చేసేవాళ్ళు. 2004లో చిన్నలైను మూసి, పెద్దలైనుగా మార్చి, 2011లో మళ్ళీ బండ్లు నడిపారు. సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. ఒక శబ్ద ప్రపంచం మాత్రం ఆ పాత పట్టాలతోపాటు లేచిపోయింది.

షేఫర్ చెప్పిన మూడింటినీ ఆ రైలుకు పెట్టి చూడండి. శ్రుతి, పట్టాల అతుకుల మీద చక్రాల టకటక. సంకేతం, స్టేషనులో వేలాడే పట్టా ముక్క మీద కొట్టే గంట. గుర్తు ఏమిటి? నన్నడిగితే మాటల కలగలుపు. నౌపడలో, టెక్కలిలో తెలుగు కేకలు. పాతపట్నం దాటాక ఒడియా మాట కలుస్తుంది. కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు ఎక్కించే సవరల మాట వేరే. సరిహద్దు రాయి కంటికి కనబడే లోపలే చెవికి సరిహద్దు తెలిసేది. మళ్ళీ చూస్తే అది సరిహద్దులా కూడా ఉండదు. ఒకే మనిషి రెండు మూడు భాషల్లో బేరమాడేవాడు.

ఈ పర్లాకిమిడిలోనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉండి, సవరల ఊళ్ళు తిరిగి వాళ్ళ మాటను చెవితో విని నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా సోకి, దానికి వాడిన క్వినైను మందు వల్ల ఆయనకు వినికిడి పోయింది. నోటిమాటకు విలువ కట్టమని తెలుగు జాతిని పట్టుబట్టిన మహానుభావుడు చెవులు ఇచ్చి ఆ మాటను నిలిపారు. అదే గడ్డ మీద, చేతిలో టేపు రికార్డరు పెట్టుకుని నేను మీట ఆపేశాను.

మూడేళ్ళ కిందట మా అమ్మకు చూపు బాగా మందగించింది. ఎనభై రెండేళ్ళు. ఫోటో చేతికిస్తే తడిమి పక్కన పెట్టేది. ఒకరోజు, "చిన్నరైలు కూత వినాలనుందిరా. నీ దగ్గర ఉండాలి కదా" అంది. పాత కాసెట్టు తీశాను. బూజు తుడిచి మొత్తం విన్నాను. పెద్దమ్మ నవ్వు ఉంది, మావయ్య పాట ఉంది. కూత మాత్రం నాలుగు సెకన్లు. మీట నొక్కడం ఆలస్యమైన ఒకేఒక్క చోట పొరపాటున పడిన కూత. మిగతా రైలంతా నేను చేతులారా వదిలేసిందే.

నాలుగు సెకన్లు ఏం సరిపోతాయని, ఎక్కడిదో వేరే ఆవిరి ఇంజను కూత సంపాదించి, పట్టాల చప్పుడు కలిపి, అయిదు నిమిషాల రైలు తయారు చేశాను. గంభీరంగా ఉంది. అమ్మకు వినిపించాను. ఓపికగా వింది. "బాగుంది. కాని ఇది మన బండి కాదురా. మన బండి కూత సన్నంగా ఉండేది, చివర ఊపిరి అందనట్టు తెగిపోయేది" అంది. నాకు సిగ్గేసింది. వినేవాడు నమ్మితే చాలుననుకున్నాను. ఆ బండి ఎక్కినవాళ్ళు ఉన్నారన్న సంగతి మరిచాను.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఫోను పట్టుకుని పెద్దలైను బండిలో నౌపడ నుంచి గుణుపురం వెళ్ళాను. ఫెరారి చేసినట్టు మూడు సార్లు, అదే పూటకు. ప్రతిసారీ వచ్చిన చప్పుళ్ళు గుర్తు పెట్టుకున్నాను. నౌపడలో ఉప్పుమళ్ళ మీది గాలి. టెక్కలిలో వేరుశనక్కాయల కేక. పాతపట్నం ప్లాట్‌ఫారం మీద తెలుగులో మొదలై ఒడియాలో ముగిసిన ఒక బేరం. గుణుపురంలో వంశధార ఒడ్డున బట్టలుతికే చప్పుడు. కాసెట్టులోంచి పెద్దమ్మ నవ్వు, ఆ నాలుగు సెకన్ల కూత తీసుకున్నాను. కూతను సాగదీయలేదు, రెండోసారి వేయలేదు. పాతపట్నంలో బండి కదిలే చోట ఒక్కసారి పెట్టాను. దానికి ముందు కాసేపు ఏ చప్పుడూ లేకుండా ఉంచాను. అంతా కలిపి ఏడు నిమిషాలు.

కూత దగ్గర అమ్మ చెయ్యెత్తింది. ఆపాను. "ఇక్కడే మీ తాతగారు దిగి జామకాయలు కొనేవారు. బండి కదిలాక పరుగెత్తి ఎక్కేవారు. మా అమ్మ ప్రతిసారీ తిట్టేది" అంది. ఈ జామకాయల సంగతి నాకు అంతకుముందు తెలియదు. ఆ తరువాత చాలాసేపు చెబుతూనే ఉంది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం ఆమె చెప్పినదంతా మాత్రం ఈసారి మీట ఆపకుండా రికార్డు చేసుకున్నాను.

శ్రోతలారా, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ రికార్డు చేసే ఫోను ఉంది. హోసూరు నుంచి వచ్చినా, బళ్ళారి వెళ్ళినా, యానాంలో గోదావరి దాటినా, చాందా వైపు బంధువుల ఇంటికి పోయినా ఒక్క పని చేయండి. బస్సు ఆగినప్పుడు మాట్లాడకుండా రెండు నిమిషాలు రికార్డు చేయండి. మొదట తేదీ, ఊరిపేరు మీ గొంతుతో చెప్పండి. ఫోనును గాలి తగలకుండా పట్టుకోండి. మనుషుల మాట పడితే వాళ్ళ అనుమతి అడగండి. ఇంటికి వచ్చాక అన్నీ కలపకండి, రోజూ వచ్చేవి ఏవో ఏరండి. వేరే చోటి చప్పుడు తెచ్చి కలిపితే ఆ మాట వినేవారికి చెప్పండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించండి. తప్పు పట్టగలవాళ్ళు వాళ్ళే.

మన సరిహద్దు ఊళ్ళలో బోర్డు మీద తెలుగు ఉన్నా లేకపోయినా, బస్టాండు కేకల్లో తెలుగు ఉంది. అది ఎలా పలికేదో రేపటి పిల్లలు అడిగితే వినిపించడానికి మన దగ్గర ఏదైనా ఉండాలి.